నీళ్ళ గది పెద్దాయన

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం డ్రెస్సింగ్ గదిలో గ్లౌజులు తొడుక్కుంటూ ఉండగా ఫోను మోగింది. "పెద్దాయన పోయినాడు సిస్టరమ్మా. పోతే నీకు చెప్పమన్నాడు. చెప్పినాను" అని ఆయన భార్య ఆ మూడు ముక్కలే చెప్పి పెట్టేసింది. ఎదురుగా కాలు చాపుకుని కూర్చున్న మనిషి కట్టు విప్పాను, కడిగాను, మందు పెట్టి మళ్ళీ కట్టాను. ఏడుపు రాలేదు. భయం వేసింది. మనిషి పోతే బాధపడాలి గానీ ఈ భయమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా అది పోలేదు.

నేను నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మానని పుండ్లకు కట్లు కట్టే నర్సుని. పుట్టింది అల్లూరు పక్క పల్లెలో. నోరు మంచిది కాదని మా వార్డులో పేరు. కట్టు తడుపుకుని వచ్చేవాళ్ళను, పుండు మీద ఆకు పసరు పూసుకుని "ఏమీ పూయలేదమ్మా" అని బొంకేవాళ్ళను వదిలిపెట్టను. నా తిట్లు తిన్న కాళ్ళే తొందరగా మానతాయని డాక్టరు గారు కూడా వేళాకోళం చేస్తారు. ఈ పెద్దాయన్ని తిట్టడానికి మాత్రం మొదట్లో నాకు సందు దొరకలేదు.

మొదటిసారి వచ్చిన రోజు ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. బక్కపల్చటి మనిషి, నెరిసిన గడ్డం, ఒక కాలికి చెప్పు, రెండో కాలికి గుడ్డ చుట్టుకుని ఉంది. లోపలికి రమ్మంటే రాడు. కిందకు చూస్తూ దేనికోసమో వెతుకుతున్నాడు.

"ఏంది పెద్దాయనా, ఏం పడిపోయింది?" అన్నాను.

"కాళ్ళు ముంచే తొట్టి యాడుండాదమ్మా?"

"ఇది గుడి కాదులే, రా."

"గుడిలో అయినా కడుక్కోకుండా పోవచ్చు. ఇట్టాంటి తావుల్లోకి పోకూడదు" అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి నాకు ఒళ్ళు మండింది.

తరవాత తెలిసింది. ఆయన అల్లూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక రొయ్య పిల్లల హ్యాచరీలో ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తున్నాడు. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి రొయ్యల గుంటలకు అమ్మే చోటు అది. అక్కడ ఆయనది నీళ్ళ గది. సముద్రంలోంచి లాగిన నీళ్ళను ఇసుకలో వడగట్టి, క్లోరిను వేసి, ఆ క్లోరిను ఘాటు విరిగిపోయాక చివరగా ఒక ఇనప గొట్టంలోంచి పంపుతారు. ఆ గొట్టంలో సన్నటి ట్యూబులైటు ఉంటుంది. దాని వెలుగు తగిలితే కంటికి కనపడని పురుగు ఏదీ బతకదు. అలా చంపి శుభ్రం చేసిన నీళ్ళలోనే పిల్లల్ని వదులుతారు. హ్యాచరీలో ప్రతి గది గుమ్మంలోనూ, కాళ్ళకు అంటిన పురుగు చచ్చేలా, పొటాషు నీళ్ళ తొట్టి ఉంటుంది. అందులో కాలు ముంచనివాణ్ణి, వాడు యజమాని బావమరిది అయినా సరే, పెద్దాయన లోపలికి రానిచ్చేవాడు కాదట. ఇంటి గుమ్మంలో కూడా ఒక తొట్టి పెట్టుకున్నాడని ఆయన భార్య నవ్వుతూ చెప్పింది. చుట్టాలు రావడం మానేశారట.

ఇంకో అలవాటు ఉండేది. చేతికి ఏ గ్లాసు ఇచ్చినా దాన్ని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. మంచినీళ్ళు, సెలైను సీసా, ఆఖరికి టీ కూడా. ఏం చూస్తావని అడిగితే "ఈత" అన్నాడు. పిల్లలు బాగున్నాయో లేదో తెలియాలంటే గాజు గ్లాసులో తీసి వెలుతురుకు ఎత్తి వాటి ఈత చూస్తారట. "టీలో ఏమీదతాయి పెద్దాయనా?" అంటే, "ఈదేదాకా ఆగితే ఇంకేముందిలేమ్మా" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ నవ్వు చూస్తే చేతిలో ఉన్న టీ తాగబుద్ధి అయ్యేది కాదు.

సముద్రంలోకి వేసిన పైపుకు అంటుకున్న ఆల్చిప్ప అరికాలు కోసింది. ఒంట్లో షుగరు. ఆ కాలికి స్పర్శ పోయి అప్పటికే రెండేళ్ళు. కోసినట్టు కూడా ఆయనకు తెలియలేదు. నీళ్ళ గదిలో నేల మీద ఎర్రటి అడుగులు చూసి ఎవడు తొక్కాడురా అని కేకలేశాడట. అవి తనవేనని తెలిశాక తొట్టిలో పొటాషు నీళ్ళు మార్చి, నేల కడిగి, అప్పుడు కాలు చూసుకున్నాడు.

రెండు నెలలు మందులు వాడినా మానలేదు. పుండులోంచి తీసిన చీము పరీక్షకు పంపితే, ఏ మందుకు ఆ క్రిమి చస్తుందో, దేనికి చావదో రాసిన కాయితం వచ్చింది. వరసగా అన్నిటి ఎదుటా చావదు, చావదు అనే గుర్తే. డాక్టరు గారు పెదవి విరిచి పక్కన పెట్టారు. పెద్దాయన ఆ కాయితం అడిగి తీసుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ మందుల పేర్లు చదివాడు.

"వీటిలో సగం నాకు తెలుసు సిస్టరమ్మా."

"నీకెట్ట తెలుసు?"

"పిల్లలకు రోగం రాకుండా ఒకప్పుడు ట్యాంకుల్లో కలిపినవే. డబ్బా మూత తీసి నా చేత్తో నేనే కలిపినా. అప్పుడు వద్దన్నోడు లేడు." కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ పురుక్కి నేను కొత్తేం కాదు."

ఆ రోజు ఇంటికి వెళ్ళి పిల్లలకు చేపల పులుసు వడ్డిస్తూ ఆ మాటే తలుచుకున్నాను. కనీసం నాలుగు రోజులు ఆ జడుపు నన్ను వదల్లేదు.

అదే సమయానికి మా ఆస్పత్రికి లైటు యంత్రం వచ్చింది. మందులకు లొంగని పుండు మీద నీలం రంగు మందు పూసి, కాసేపు అది ఇంకనిచ్చి, పైనుంచి ఎర్ర లైటు వేస్తారు. రంగు పీల్చుకున్న క్రిమి ఆ వెలుగుకు చస్తుంది. ఎన్ని మందులకు అలవాటు పడ్డ క్రిమి అయినా సరే. రోగికీ నాకూ నల్ల కళ్ళజోళ్ళు. డాక్టరు గారు ఈ సంగతి చెబితే ఎవరైనా సంతోషించాలి. పెద్దాయన మొహం మాత్రం పాలిపోయింది.

వాళ్ళ హ్యాచరీలో వెలుగంటే చావే. ట్యాంకులో ఒక రకం క్రిమి పడితే చీకట్లో పిల్లలు ఆకుపచ్చగా మిణుకు మిణుకుమంటాయట. చూడటానికి అంత అందంగా ఉంటుందట. మెరిసిందంటే ట్యాంకు పోయినట్టే. తెల్లారేలోగా అందులో క్లోరిను కుమ్మరించి లక్షల పిల్లల్నీ చంపి వదిలేయాలి. "మెరవని పిల్లలుంటే ఏరుకోవచ్చు గదా?" అన్నాను. "జాలి పడినోడు పక్క ట్యాంకు కూడా పోగొట్టుకుంటాడమ్మా" అన్నాడు. ఒకసారి శ్రీహరికోట నుంచి రాకెట్టు పోతుంటే వార్డంతా, సెలైను స్టాండ్లు తోసుకుంటూ, కిటికీల దగ్గరకు పరిగెత్తింది. కట్టు కోసం వచ్చిన ఆయన ఒక్కడే మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. ఆకాశంలో అయినా సరే, వెలుగు చూసి చంకలు గుద్దుకునే అలవాటు ఆయనకు లేదు.

అయినా ఒప్పుకున్నాడు. సోమవారం, గురువారం. నాలుగు సార్లు అయ్యేసరికి పుండులో పచ్చటి పొర పోయింది. అయిదోసారి కట్టు విప్పితే అడుగున దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి కొత్త కండ. నేను అరిచినంత పని చేశాను. అద్దం తెచ్చి ఆయనకు చూపించాను. ఆయన అద్దాన్ని కిటికీ వైపు తిప్పి, ఒక కన్ను మూసి చూశాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక్కడ నేను చెప్పుకోవాల్సింది ఒకటి ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజే ఆయన అడిగాడు.

"వారానికి రెండు దఫాలే పెడితే మధ్యలో పురుగు మళ్ళీ పుట్టదా? మా కాడ నీళ్ళు ఆగినా లైటు ఆగదు."

"పుట్టదు. కట్టు తియ్యకుండా ఉండు, చాలు."

"మా గొట్టంలో ట్యూబు కూడా ఇట్టాంటిదే గదా సిస్టరమ్మా?"

బయట బెంచీ మీద పదిమంది కాచుకుని ఉన్నారు. ఒకడు తలుపు కొడుతున్నాడు. నేను గెలిచిన మత్తులో ఉన్నాను. "లైటేదైనా లైటే పెద్దాయనా, లే లే" అన్నాను. ఆయన తల ఊపి లేచాడు. ఆ ట్యూబు సంగతి నాకేమీ తెలియదు. తెలియదని అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాటకూ ఈ మాటకూ ఒకే అరక్షణం.

తరవాతి గురువారం పుండు అంచు గోధుమ రంగులోకి తిరిగి ఉంది. ఎండలో నడిచావా అని అడిగితే లేదన్నాడు. సోమవారానికి చుట్టూ చర్మం పొరలుగా లేచింది. దానిమ్మ గింజలు కమిలిపోయి ఉన్నాయి. నా కట్టు నాకు తెలియదా, ముడి నేను మడమ పక్కన వేస్తాను. ఆ ముడి పాదం మీదకు వచ్చింది. "ఎవరు విప్పినారు?" అంటే "తడిసిందమ్మా" అన్నాడు. తడిపినందుకు తిట్టాను. ఆయన భార్య కళ్ళు ఎర్రగా వాచి, ఇసుక పోసినట్టుందని తుడుచుకుంటూనే ఉంది. మొగుడి కోసం ఏడుస్తోందనుకుని ఓదార్చాను. ఆమె కుడి ముంజేయి నల్లబడి తోలు ఊడుతుంటే, సముద్రపు ఎండ గదా అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా పుండ్లు చూస్తున్నదాన్ని. కళ్ళెదుట అన్నీ ఉన్నాయి, ఒక్కదాన్ని ఇంకోదానితో కలపలేదు. డాక్టరు గారు కూడా షుగరు పెరిగి ఉంటుందిలే అన్నారు. కాలినా నొప్పి తెలియని కాలు, ఆయనకు మాత్రం ఏం తెలుస్తుంది?

చిటికెన వేలు నల్లబడిన రోజు ఆయన భార్యను టీ తెమ్మని పంపించాడు. ఆమె మెట్లు దిగేదాకా ఆగాడు.

"చెప్తే తిట్టబాక సిస్టరమ్మా."

హ్యాచరీలో వెలగాల్సిన గంటలు నిండిపోయి తీసేసిన పాత ట్యూబు ఒకటి ఇంటికి తెచ్చాడు. చెక్కకు బిగించి, చోకు కట్టి, రోజూ కట్టు విప్పి దాన్ని పుండు మీద పట్టించుకున్నాడు. గ్రహణాన్ని చూడకూడనట్టే ఆ ట్యూబునూ చూడకూడదని తెలుసు కాబట్టి కళ్ళ మీద తుండుగుడ్డ కప్పుకుని పడుకునేవాడు. మా లైటు వేరు, అది రంగు పట్టిన క్రిమినే చంపుతుంది, నీ ట్యూబు ఎదుట ఏదుంటే దాన్ని కాలుస్తుంది అని చెప్పాను. సగం చెప్పేసరికే ఆయనకు అర్థమైపోయింది.

"పిల్లలున్న నీళ్ళు ఆ గొట్టంలోకి పంపం గదమ్మా" అన్నాడు మెల్లగా. "పంపితే పురుగుతో పాటు పిల్లలు కూడా పోతాయి. ముందు నీళ్ళు, తర్వాతే పిల్లలు. ఆ సంగతి నాకు తెలవదా? కొత్తోళ్ళకు నేర్పించింది నేనే. నా కాలు వట్టి నీళ్ళనుకున్నా సిస్టరమ్మా. అందులో పిల్లలు పడినాయని తోచలేదు."

తప్పు నాది, ఆ రోజు నేనలా అనబట్టేనని చెప్పాలి. చెప్పలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు. మర్చిపోయాడో, మర్యాద కోసమో నాకిప్పటికీ తెలియదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మా ఆడమనిషికి చెప్పబాక. ట్యూబు పట్టుకున్నది ఆమె. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. ఆమె టీ తెచ్చింది. ఆయన ఆ గ్లాసును కిటికీ వైపు ఎత్తకుండానే తాగేశాడు.

వేలుతో ఆగలేదు. మోకాలి కింద దాకా తీయాలని డాక్టరు గారు చెప్పినప్పుడు కాయితం మీద సంతకానికి ఆమె వెనకాడింది. ఆయనే పెన్ను లాక్కుని, "ఈ ట్యాంకు వదిలెయ్యండి సార్, పక్కవన్నా దక్కుతాయి" అన్నాడు. దక్కలేదు. కాలు తీసిన నెలన్నరకు, ఇంటి దగ్గర, రక్తంలో విషం పాకి పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు బయల్దేరాను. పోకపోతే ఆ భయం నన్ను పనిచేయనిచ్చేలా లేదు. అల్లూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారి పొడుగునా రొయ్యల గుంటల్లో గాలి కలిపే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. పట్టపగలు, ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంటి గుమ్మంలో పొటాషు నీళ్ళ తొట్టి అలాగే ఉంది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి కాళ్ళు ముంచి లోపలికి వెళ్ళాను.

లోపల నడవలో ఆయన భార్య పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా చాప మీద పక్కింటి ఆమె. రొయ్యలు ఒలిచే పనికి పోతుందట. రొయ్య కొమ్ము గుచ్చుకుని చూపుడు వేలు వంకాయలా వాచి ఉంది. ఇద్దరి మధ్యా చెక్కకు బిగించిన ట్యూబు. ప్లగ్గు పెట్టడానికి ఆయన భార్య చెయ్యి చాపుతోంది.

"ఆగు పెద్దమ్మా!" అని అరిచాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నువ్వా సిస్టరమ్మా. కూచో. ఈమెకు నెల నుంచీ తగ్గలా. ఆయన వస్తువు గదా, ఒకరికన్నా పనికొస్తాదని" అంది.

నాకు ఒట్టు గుర్తుంది. ఎవరి మీద వేశానో ఆ మనిషే పోయాక కూడా ఒట్టు ఒట్టే. ఏం చెయ్యాలో తోచక, నా వృత్తిలో అందరినీ దేనికి తిడతానో ఆ పనే చేశాను. బొంకాను.

"ఆ ట్యూబుకు కాలం చెల్లిపోయింది పెద్దమ్మా. గంటలు నిండిపోయినాయి. ఇంక పనిచెయ్యదు, పారెయ్యి."

ఆమె ట్యూబు వైపు చూసింది. మొహంలో ఏదో తెరిపి వచ్చింది, అంత బాధలోనూ. "అదీ సంగతి! పాతది కాబట్టే ఆయనకు తగ్గలా. నేనెంత మదన పడినానో. ఉండు, హ్యాచరీలో మా మరిది కొడుకు ఉండాడు, కొత్తది తెమ్మని ఇప్పుడే చెప్తా" అని ఫోను అందుకుంది.

పక్కింటి ఆమె వాచిన వేలు ఒళ్ళో పెట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నేను ఆ ఫోను లాక్కున్నాను. ఇంక చెప్పక తప్పలేదు. అంతా చెప్పాను. ఆ ట్యూబు క్రిమిని చంపినట్టే కండనీ చంపుతుందని, మానుతున్న కాలు మానకుండా ఆగిపోయింది దానివల్లనేనని, నీ కళ్ళు మండింది, నీ చెయ్యి నల్లబడింది కూడా దానికేనని. "లైటేదైనా లైటే" అన్న పాపిష్టి నోరు నాదేనని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

ఆమె ఏడవలేదు.

"ఆయనకు తెలుసునా?"

"తెలుసు పెద్దమ్మా. నీకు చెప్పబాక అన్నాడు."

ఆమె కుడి ముంజేతి మీద ఇంకా మానని నల్లటి మచ్చను ఎడమ చేత్తో మెల్లగా తడుముకుంటూ కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పావుగంట చాలన్నాడు ఆయన" అంది చివరికి. "రోజుకు పావుగంట. కళ్ళ మీద గుడ్డ కప్పుకుని ఉండే మనిషికి టైము తెలీదు గదా. నేను ఇంకో పావుగంట పట్టుకునేదాన్ని. చెయ్యి పీకతా ఉన్నా దించలా. తొందరగా తగ్గాలని."